గురువారం, తూర్పు కంచె

ఆ ఊరు శత్రువుల చేతికి చిక్కి ఏడాదిన్నర అయింది. యుద్ధఖైదీల క్యాంపుకీ, పెద్దాసుపత్రికీ బట్టలుతికే లాండ్రీలో వెనకగది. శనివారం పొద్దున తొమ్మిది గంటలు. క్యాంపు నుంచి పారిపోయి రెండు రోజులు తూములో దాక్కున్న వడ్రంగిని తెల్లవారగానే ఎవరో తెచ్చి ఇక్కడ దింపి వెళ్లారు. లాండ్రీ నడిపే పెద్దావిడ అతని ముందు నిలబడి ఉంది.

"ఆ చొక్కా కూడా విప్పెయ్ నాయనా. ఆ మట్టి చూస్తే గుడ్డివాడైనా చెప్తాడు, నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావో."

"విప్పితే మళ్లీ వేసుకోడానికి..."

"లాండ్రీలో కూచుని బట్టల్లేవంటావా? ఏట్లో నిలబడి దాహమన్నట్టుంది. ఇదిగో, ఇది తొడుక్కో. ఆసుపత్రిలో బరువులు మోసేవాళ్ల చొక్కా. భుజాల దగ్గర బిగుస్తుందేమో. వడ్రంగివి కదా."

"వడ్రంగినని మీకెవరు చెప్పారు?"

"నిన్ను దింపినవాళ్లు. పని చెప్పారు, పేరు చెప్పలేదు. చెప్పొద్దన్నాను కూడా. నా పేరు నీకొద్దు, నీ పేరు నాకొద్దు. రేపు ఎవర్ని పట్టుకుని కొట్టినా, చెప్పడానికి లోపల ఏమీ ఉండకూడదు."

"మరి మిమ్మల్ని ఏమని పిలవను?"

"వయసు కనపడుతూనే ఉందిగా. నోటికేదొస్తే అదే."

"పెద్దమ్మా అంటాను."

"అను. ముందు ఆ రొట్టె తిను. టీ చల్లారిపోతోంది. అంత గబగబా వద్దు, పొలమారుతుంది. నీ రొట్టె ఎవరూ లాక్కోరు ఇక్కడ."

"అలవాటైపోయింది పెద్దమ్మా. అక్కడ నెమ్మదిగా తింటే మిగలదు. ఈ బల్లకి ఒక కాలు ఊగుతోంది, చూశారా? చిన్న చెక్కముక్క, ఒక మేకు ఇస్తే..."

"రెండేళ్లనించి ఊగుతోంది, ఇంకో రెండు గంటలు ఊగనీ. విను. పదకొండింటికి ఆసుపత్రి బండి వస్తుంది. ఉతికిన దుప్పట్లు బుట్టల్లో పోతాయి. అదిగో, ఆ మూల ఉన్నాయే, అవే బుట్టలు. ఒకదాంట్లో అడుగున నువ్వుంటావు. నీ మీద పది దుప్పట్లు. వంతెన మీద కర్రతో పొడిచి చూస్తారు. నీదాకా రాదు. వచ్చినా అరవకు."

"తుమ్మొస్తే?"

"రాకూడదు."

"వస్తే?"

"నీ తుమ్ముకీ నీకూ ఏదో ఒప్పందం చేసుకో. బండి తోలేవాడికి నలుగురు పిల్లలు."

"సరే పెద్దమ్మా. పైన ఆ అడుగుల చప్పుడెవరిది?"

"మా కోడలిది. డాబా మీద బట్టలారేస్తూ వీధి చూస్తుంటుంది. 'అయిదో దుప్పటి కనపడట్లేదు' అందంటే ఎవరో వస్తున్నట్టు."

"కోడలుందంటే అబ్బాయి కూడా... ఆయనెక్కడ?"

"ఈ వీధిలో మగవాడున్న ఇల్లు ఒకటి వేలు పెట్టి చూపించు, అప్పుడు చెప్తాను. పాదాలకి ఆ బొబ్బలేంటి అట్లా ఉన్నాయి? ఆ గోరువెచ్చటి నీళ్లలో పెట్టు. పెట్టి, నేనడిగినవాటికి జవాబు చెప్పు. మన దళంలో పైవాళ్లకి కబురు పంపాలి. ఎంతమంది దిగారు సొరంగంలో?"

"నలభై ఒక్కమంది."

"ఎంతమంది బయటపడ్డారు?"

"ముప్పై తొమ్మిది. ఇద్దరు లావుపాటి మనుషులు, మధ్యలో బిగుసుకుపోయి వెనక్కి జరిగారు. లావంటే ఏం లావులెండి, క్యాంపులో. ఎముకలు వెడల్పు."

"తవ్వింది ఎన్నాళ్లు?"

"అయిదు నెలలు. మట్టి కూలకుండా చెక్కలు పెట్టింది నేనే. మంచాల పలకలు ఒక్కొక్కటీ లాగేశాను. ఆఖరికి అందరం తాళ్ల మీద పడుకున్నాం. పడమటి వైపు పాడుబడ్డ సున్నపు బట్టీ ఒకటుంది కదా, దాని పొట్టలోకి తేలాం. కొలత జానెడు కూడా తప్పలేదు."

"మూడో బ్యారక్‌లోంచి ఎంతమంది?"

"పద్నాలుగు."

"చెప్పు, ఒక్కొక్కళ్లే."

"పేర్లొద్దన్నారుగా."

"పనులు చెప్పు."

"నేను. ఒక మంగలి. లెక్కల మాస్టారు. బస్సు డ్రైవరు. అన్నదమ్ములిద్దరు, వాళ్లది తోళ్ల పని. గడియారాలు బాగుచేసే అతను. రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. పోస్టుమాను... ఇంకా..."

"పుర్రచెయ్యి వాటం వాడొకడుండాలి."

"పుర్రచెయ్యా?"

"ఎడంచేత్తో రాసేవాడు."

"మూడొందల మంది పెద్దమ్మా. ఎవరు ఏ చేత్తో రాస్తారో ఎవరికి తెలుసు? రాసుకోడానికి అక్కడ కాగితమే లేదు."

"వడ్రంగివి. ఎవడు ఏ చేత్తో సుత్తి పట్టాడో చూడకుండా ఉంటావా?"

"నీళ్లు చల్లబడ్డాయి."

"ఇప్పుడేగా పోశాను."

"అతని సంగతి పైవాళ్లకెందుకు?"

"నాకేం తెలుసు? అడగమన్నారు, అడుగుతున్నాను."

"ఉన్నాడు. మాతో రాలేదు."

"రాలేదా, రానివ్వలేదా?"

"రెండూ ఒకటేగా."

"ఒకటి కాదు."

"పెద్దమ్మా, నేను రెండ్రోజులు తూములో మోకాలిలోతు నీళ్లలో ఉన్నాను. బుర్ర పనిచెయ్యట్లేదు. తర్వాత చెప్పనా?"

"పదకొండు తర్వాత నువ్వుండవు. ఇప్పుడే—"

"అత్తయ్యా, దుప్పట్లు నాలుగే ఉన్నాయి. అయిదో దుప్పటి కనపడట్లేదు."

"లే. లేచి ఇస్త్రీపెట్టె పట్టుకో. ఆ బొగ్గులు ఊది, ఆ చొక్కా ముందేసుకో."

"దాక్కోనా? ఆ బుట్టలో..."

"దాక్కున్నవాణ్ణి వెతుకుతారు. పనిచేసేవాణ్ణి ఎవరూ చూడరు. నువ్వు మా ఆడపడుచు కొడుకువి. నీకు చెవుడు. పుట్టుచెవుడు. ఏం విన్నా వినలేదు, అర్థమైందా?"

"అయింది."

"అదిగో, చెవుడన్నాక జవాబు చెప్పకూడదు."

క్యాంపు హవల్దారు ముందుగది దాటి వెనకగదిలోకి వచ్చాడు. వడ్రంగి అతనికి వీపు తిప్పి, ఆఫీసరు చొక్కా మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాడు.

"ఆఫీసరు గారి కోటు అయిందా అమ్మా?"

"అయింది హవల్దారు గారూ. బొత్తామొకటి వదులైతే అది కూడా కుట్టాను. కూచోండి."

"కూచుంటే నిద్రపోతాను. మూడు రోజులైంది కన్ను మూసి. ఇతనెవరు? ఎప్పుడూ చూళ్లేదే."

"మా ఆడపడుచు కొడుకు బాబూ. ఆసుపత్రిలో బరువులు మోస్తాడు. ఇవాళ సెలవంటే సాయానికి రమ్మన్నాను."

"ఏమయ్యా, కాగితాలున్నాయా?"

"వినపడదు బాబూ. చెవుడు. పుట్టుకతోనే. కాగితాలు ఆసుపత్రిలో పెట్టేసుకుంటారు, డ్యూటీకి పోతేనే ఇస్తారు."

"చెవుడా."

"మా ఆడపడుచు చెయ్యని వైద్యం లేదు. అయ్యో, బొగ్గుల డబ్బా అట్లా తన్నేశారేం? ఉతికిన దుప్పట్ల మీదంతా మసి."

"ఉలిక్కిపడతాడేమోనని చూశాను. కదల్లేదు. నిజంగా చెవుడే. అదృష్టవంతుడు, మా ఆఫీసరు నోట్లోంచి వచ్చేవి వినక్కర్లేదు."

"అంత కోపంగా ఉన్నారా? ఊళ్లో ఏదేదో అనుకుంటున్నారు."

"ఊరు అనుకునేది నిజమే. ముప్పై తొమ్మిది మంది. పదకొండు మందిని వెనక్కి తెచ్చాం, మిగతావాళ్లు గాలిలో కలిసిపోయారు. గురువారం తెల్లారుజామున మమ్మల్నందర్నీ తూర్పు కంచె దగ్గర బురదలో బోర్లా పడుకోబెట్టారు. వస్తారు, వస్తారు అని చూశాం. వాళ్లేమో పడమటి వైపు సున్నపు బట్టీలోంచి లేచి, దుమ్ము దులుపుకుని నడుచుకుంటూ పోయారు."

"తూర్పు అని మీకెవరు చెప్పారు?"

"లోపల మాకొకడుండేవాడులే."

"ఉండేవాడా?"

"నిన్న పొద్దున ఆఫీసరు పిలిపించాడు వాణ్ణి. మమ్మల్నే ఆడిస్తావా అన్నాడు. నాకు ఏం తెలిసిందో అదే చెప్పానండీ అన్నాడు వాడు. వినే పరిస్థితిలో లేడు ఆఫీసరు. వంటశాల గోడ దగ్గరకి తీసుకుపోయి... అమ్మా, ఆ మడత జారిపోతోంది."

"చూస్తున్నాను. పట్టుకున్నాను."

"నన్ను కాల్చమన్లేదులే. వేరేవాళ్లకి చెప్పారు."

"ఆఖర్న ఏమన్నా అన్నాడా?"

"ఎవరు?"

"ఆ మనిషి."

"నేను దూరంగా నిలబడ్డాను. ఎందుకడుగుతున్నావ్?"

"ముసలిదాన్ని బాబూ. చావు కబురు వింటే అడగడం అలవాటు."

"అలవాట్లు తగ్గించుకో, రోజులు బాలేవు. ఇంకో మాట. వచ్చేవారం నుంచి క్యాంపు బట్టలు నీకు రావేమో."

"మేమేం తప్పు చేశాం?"

"నీ పనికి వంక లేదు. నీకీ క్యాంపు బట్టలు ఊరికే రాలేదట. ఎవరి మాట మీదో ఇచ్చారట. ఆ మాటిప్పుడు చెల్లదంటున్నాడు ఆఫీసరు. నాకు వివరాలు తెలీవు. సాయంత్రం అయిదింటికి ఆయనే వస్తానన్నాడు ఇక్కడికి. నువ్వూ మీ కోడలూ ఇంట్లోనే ఉండమని చెప్పమన్నాడు."

"ఎక్కడికి పోతాం హవల్దారు గారూ? ఇక్కడే ఉంటాం."

"కోటు ఇలా ఇవ్వు. బాగా కుట్టావు బొత్తాం. మా ఇంట్లోదానికి దారం ఎక్కించడం కూడా రాదు."

వీధి తలుపు మూసిన చప్పుడైంది.

"పోయాడు. చెవుడు చాల్లే, ఇటు తిరుగు."

"పెద్దమ్మా, చొక్కా మాడింది. ఇస్త్రీపెట్టె ఒకేచోట పెట్టేసి ఉంచాను, చూసుకోలేదు."

"మాడనీ. ఆఫీసరు చొక్కాయేగా. ఇప్పుడు చెప్పు. అతనేనా?"

"ఎవరు?"

"నాతో దాగుడుమూతలు వద్దు నాయనా. గోడ దగ్గర నిలబెట్టిన మనిషి. పుర్రచెయ్యి వాడేనా?"

"వాడే. పెద్దమ్మా, కూచోండి. మీ మొహం అదోలా అయిపోయింది."

"ఆవిరి. పొద్దున్నించీ కాగు దగ్గర నిలబడ్డాను కదా. నువ్వు చెప్పు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరెలా పట్టారు?"

"మేం పట్టలేదు. మూడు వారాల కిందట బయటి నుంచి చీటీ వచ్చింది. క్యాంపు ఆసుపత్రి దుప్పటి అంచులో కుట్టి పంపారు. అవునూ, ఆ దుప్పట్లు కూడా మీరేనా..."

"ఉతికేది మేమే. అంచుల్లో ఎవరేం కుడతారో మాకు తెలీదు. చీటీలో ఏముంది?"

"రెండు ముక్కలు. 'మూడో బ్యారక్‌లో పుర్రచెయ్యి వాడు వాళ్లకి కబుర్లు చేరుస్తున్నాడు. వాడికి ఏమీ తెలియనివ్వకండి.'"

"అంతేనా?"

"అంతే."

"వాణ్ణి చంపమని ఉందా?"

"లేదు."

"ఇంకేమన్నా చెయ్యమని ఉందా?"

"లేదు పెద్దమ్మా. ఏమీ తెలియనివ్వొద్దని ఉంది."

"ఏమీ తెలియనివ్వొద్దని ఉంటే, మరి గురువారం, తూర్పు కంచె అని వాడికెలా తెలిసింది?"

"నేను చెప్పాను."

"నువ్వా?"

"ఊరికే చెప్పలేదు. ఆ చీటీ చూసి కొందరు, రాత్రికి రాత్రి పీక పిసికేద్దామన్నారు. లెక్కల మాస్టారు వద్దన్నాడు. వాడి నోరు మూయిస్తే వాళ్లకి అనుమానం వస్తుంది, వాడి నోటితోనే మనకి కావలసింది చెప్పిద్దాం అన్నాడు. రోజు అదే, గంట అదే. దిక్కు ఒక్కటే మార్చాలి. కాపలావాళ్లంతా తూర్పుకి పోతారు, మనం పడమట లేస్తాం. బాగుంది అన్నారు అందరూ. ఎవరు చెప్తే వాడు నమ్ముతాడు అని వచ్చింది. ఒక్కొక్కళ్లే నా వైపు చూశారు."

"నీ వైపే ఎందుకు?"

"పక్కపక్క మంచాలు మావి. నిరుడు చలికాలమంతా ఇద్దరికీ ఒకే దుప్పటి. నాకు పన్నెండు రోజులు జ్వరం తగిలితే వాడి రొట్టె సగం నానబెట్టి నా నోట్లో పెట్టాడు. సగం అంటే ఏం మిగులుతుంది పెద్దమ్మా, ఇంత. అరచెయ్యంత."

"అలాంటివాడికి చెప్పావు."

"అలాంటివాడికే చెప్పాను. సోమవారం, నీళ్ల దగ్గర. ఒరే, గురువారం తెల్లారుజామున, తూర్పు కంచె, ఎవరికీ అనకు అన్నాను. సరేరా అన్నాడు. నా కళ్లలోకి చూళ్లేదు. నేనూ చూళ్లేదు."

"ఆ తర్వాత?"

"వదిలెయ్యండి పెద్దమ్మా. పైవాళ్లకి ఇంతవరకు చాలదా?"

"చాలదు."

"బుధవారం సాయంత్రం వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. రేపు నువ్వు పోకురా అన్నాడు. కడుపులో నొప్పని పడుకో, ఇంకోసారి పోదువుగాని అన్నాడు. ఎందుకురా అన్నాను. అడక్కు, పోకు, అంతే అన్నాడు. ఏడ్చాడు."

"ఏడ్చాడా?"

"చప్పుడు లేకుండా. భుజాలు ఊగుతున్నాయి, అంతే. నేను అడక్కుండానే అంతా చెప్పేశాడు. వాళ్లమ్మ ఈ ఊళ్లోనే ఉందట. నిరుడు చలికాలంలో ఆవిణ్ణి ఏదో కాగితం ఇస్తామని క్యాంపు గేటు దగ్గరకి పిలిపించారట. కిటికీలోంచి వీడికి చూపించారట. చెప్తావా, ఆవిణ్ణి కూడా లోపలికి తీసుకురమ్మంటావా అన్నారట. చెప్తే ఆవిడకో పని ఇప్పిస్తాం, తిండికి లోటుండదు అన్నారట."

"గంటసేపు నిలబెట్టి, కాగితం లేదు గీగితం లేదు, పొమ్మన్నారు."

"అవును, అట్లాగే చెప్పాడు. మీకెలా..."

"అందర్నీ అట్లాగే చేశారు. ఈ వీధిలో ఎవర్నడిగినా అదే కథ. ఏం పని ఇప్పిస్తామన్నారట?"

"అది చెప్పలేదు. ఏదో పని. రోజూ కూడు దొరుకుతుంది, మా అమ్మ చేతులు బాగా పనిచేస్తాయి అన్నాడు. అది మటుకు అన్నాడు."

"అప్పుడు నువ్వు నిజం చెప్పేసి ఉండొచ్చు."

"ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. తూర్పు కాదురా, నువ్వు కూడా మాతో వచ్చెయ్ అందామనుకున్నాను. ఒక్క మాట. కానీ వాళ్లమ్మ ఆ గేటు దగ్గర నిలబడి ఉంది కదా, వాడి కళ్లలో. వాడు మాతో వచ్చేస్తే ఆవిణ్ణేం చేస్తారు? ఆ భయంతో వాడు మళ్లీ వాళ్ల దగ్గరకే పరిగెత్తితే? నలభై మంది. తోళ్లపని అన్నదమ్ముల్లో చిన్నాడికి పద్దెనిమిది. నేను... సరేరా, కడుపునొప్పని పడుకుంటాలే అన్నాను."

"నమ్మాడా?"

"నమ్మాడు. నా వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. తెల్లారుజామున వాడు అటు తిరిగి పడుకునుంటే, వాణ్ణి దాటుకుని పోయి దిగాను. నిద్రపోతున్నాడో లేదో తెలీదు. నిద్రపోలేదనే అనుకుంటాను. నేను దిగడం చూసి కూడా ఊరుకున్నాడేమో అని... రెండ్రోజులు ఆ తూములో అదొక్కటే ఆలోచించాను."

"ఆలోచించకు."

"తప్పు చేశానా పెద్దమ్మా?"

"నన్నడక్కు."

"ఇంకెవర్ని అడగను?"

"నీకు అమ్మ ఉందా?"

"నా చిన్నప్పుడే పోయింది."

"పుణ్యం చేసుకుంది."

"ఆవిడకి ఎవరన్నా చెప్పాలి కదా. వాళ్లమ్మకి. ఏ వీధో తెలిస్తే నేనే పోయి చెప్పి ఉందును."

"ఏమని చెప్తావు?"

"మీవాడు మంచివాడని."

"ద్రోహి కాదా?"

"ద్రోహే. మంచివాడే. రెండూ. నాకంతకన్నా చెప్పడం రాదు. ఆ చీటీ రాసినవాళ్లెవరో గానీ, ముప్పై తొమ్మిది ప్రాణాలు వాళ్లవే. ఎప్పుడన్నా కనపడితే కాళ్లు కళ్లకద్దుకుంటాను. అదే మనిషి వల్ల వాడు... అది కూడా నిజమే. అర్థం కావట్లేదు నాకు."

"అర్థం చేసుకోడానికి నీకింకా ఏళ్లున్నాయి. టైమెంతయింది?"

"పదీ ముప్పావు."

"ఆ రెండో బుట్టలో దుప్పట్లు తీసి బయట పడెయ్. సగం చాలు."

"ఒకటే బుట్టన్నారుగా నాకు."

"అది నీక్కాదు. హవల్దారు చెప్పింది వినలేదూ? అయిదింటికి ఆఫీసరు వస్తాడు, ఇద్దర్నీ ఉండమన్నాడు. ఉండమన్నచోట ఆ పిల్ల ఉండకూడదు. అమ్మాయ్, ఒకసారి కిందికి రా."

"వస్తున్నానత్తయ్యా. హవల్దారు సందు దాటి పోయాడు. ఏమంటాడు?"

"ఏమీ అనలేదు. విను. నువ్వు కూడా ఇప్పుడు బండిలో పోతున్నావు. ఇతనితో పాటే, ఆ రెండో బుట్టలో. అవతల మన మనుషులు దింపుకుంటారు."

"నేనా? ఎందుకు? ఆరేసిన బట్టలు..."

"అవి నేను తీస్తాను."

"మరి మీరు?"

"బుట్టలు రెండే. పైగా ఎవరో ఒకరు తలుపు తియ్యాలి కదా, ఆఫీసరు వస్తే."

"నేను పోను. మీరు లేకుండా నేనెందుకు పోతాను అత్తయ్యా? ఆయన తిరిగొస్తే ఇంట్లో నేను లేకపోతే..."

"నా మాట ఎప్పుడన్నా కాదన్నావా?"

"లేదు."

"ఇవాళ మొదలెట్టకు. ఆ శాలువా కప్పుకో. జడ లోపలికి దోపు, మూతలో ఇరుక్కుంటుంది. ఎక్కు."

"ఒక్క నిమిషం. అన్నయ్యా, మీరు క్యాంపులోంచే కదా వచ్చారు? పొద్దున్నించీ అడుగుదామని. అత్తయ్య అడగొద్దన్నారు. మా ఆయన మూడో బ్యారక్‌లో ఉంటారు. పుర్రచెయ్యి వాటం. మీతో ఆయన కూడా బయటపడ్డారా?"

"ఇతనిది అయిదో బ్యారక్ అమ్మా. అటువాళ్లు ఇటు తెలీరు. అవునా నాయనా?"

"అవును. అయిదో బ్యారక్. నాకు... నాకు తెలీదు చెల్లెమ్మా."

"పోనీలెండి. ఆయన జాగ్రత్త మనిషి. ఎక్కడో చోట ఉంటారు. అత్తయ్యా, ఆ నాలుగో తాడు మీద బట్టలు ఇంకా తడిగా ఉన్నాయి, ఇప్పుడే తియ్యకండి."

"తియ్యను. తల వంచు తల్లీ. ఇంకొంచెం. ఊఁ."

"అమ్మా, బండి వచ్చింది. రెండు బుట్టలేనా ఇవాళ?"

"రెండే బండబ్బాయ్. ముందు దీన్ని తీసుకుపో. నెమ్మది, మెట్టు దగ్గర నెమ్మది. రెండోది వచ్చి పట్టుకుందువుగాని."

"సరేనమ్మా."

"నువ్వు కూడా ఎక్కు నాయనా. మోకాళ్లు గడ్డానికి ఆనించుకో. ఏం, నిలబడ్డావేం?"

"మూడో బ్యారక్‌లో పుర్రచెయ్యి వాడు ఒక్కడే పెద్దమ్మా."

"నాకు తెలుసు."

"నేను ఇంతసేపూ... మీ ముందు కూచుని... అంతా మీకే..."

"నేనే అడిగాను కదా. ఎక్కు, అతను వచ్చేస్తాడు."

"మీకు ముందే తెలుసా వాడు చెప్తున్నాడని? ఎలా తెలిసింది? మరి ఆ చీటీ, పెద్దమ్మా, ఆ దుప్పటి అంచులో చీటీ..."

"నెల కిందట ఆఫీసరు కోటు ఉతకడానికొస్తే జేబులో మూడో బ్యారక్ కబుర్లు రాసిన కాగితం ఒకటి దొరికింది, కింద పేరు లేదు, నా ఒళ్లో కూచోబెట్టుకుని దిద్దించిన అక్షరాలకి పేరెందుకు, ఆ చీటీ రాసింది నేనే. తల వంచుకో నాయనా, మూత వెయ్యాలి."